హోండా ఎస్2000 చక్రాలు మార్చే ముందు: వెడల్పు, ఆఫ్‌సెట్, నట్టు ఆనిక సరిచూసుకునే పద్ధతి

మూడేళ్ల కింద టెక్సస్‌లో 2002 మోడల్ హోండా ఎస్2000 (రెండు సీట్ల స్పోర్ట్స్ కారు) ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. కంపెనీ ఇచ్చిన 16 అంగుళాల అల్లాయ్ చక్రాలే ఉన్నాయి, టైర్లు మాత్రం అరిగిపోయాయి, దగ్గర్లో ఒక షాపులో కొత్తవి వేయించాను. రెండు రోజుల తర్వాత ఎందుకైనా మంచిదని టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగించామో చూపే పానా) పట్టి చూస్తే వెనక ఎడమ చక్రానికి మూడు నట్లు పావు చుట్టు తిరిగాయి. ముందురోజే మా ఆవిడని పక్క సీట్లో కూర్చోబెట్టుకుని హైవే మీద వెళ్లొచ్చాను. చేతులు వణికాయి.

విప్పి చూస్తే సంగతి అర్థమైంది. నట్టు అడుగు గరాటులా ఏటవాలుగా ఉంది, చక్రం రంధ్రమేమో చిన్న మూకుడులా గుండ్రంగా ఉంది. రెండూ కలిసింది సన్నటి గీతంత మందాన ఒక వలయం దగ్గర మాత్రమే. నట్టు చక్రానికి ఇలా ఆనే చోటునే ఆనిక అంటున్నాను. మర మాత్రం సరిగ్గా సరిపోయింది, అందుకే వేళ్లతో హాయిగా ఎక్కింది, షాపువాళ్లకీ అనుమానం రాలేదు, నాకూ రాలేదు. ఆ నట్లు ఎప్పుడు వచ్చాయో తెలియదు, నాకు ముందు కారు నడిపినవాళ్లు వేరే చక్రాలు వేసి, మళ్లీ పాతవి బిగించేటప్పుడు నట్లు మార్చడం మర్చిపోయి ఉండాలి.

నట్టు ఎక్కింది కాబట్టి సరిపోయింది అనుకోవడం, వెడల్పు ఒక్కటే చూసి చక్రం పట్టేస్తుంది అనుకోవడం, రెండూ ఒకే రకం పొరపాటు. ఇంటి ముందే మామూలు పనిముట్లతో ఈ రెండూ ఎలా తేల్చుకోవాలో వరసగా రాస్తున్నాను. ఎస్2000 లెక్కలే వాడతాను, కానీ మీ దగ్గర మాజ్దా మియాటా ఉన్నా, ఫోర్డ్ ముస్టాంగ్ ఉన్నా పద్ధతి ఇదే.

కావలసినవి: ఉక్కు స్కేలు, వెర్నియర్ క్యాలిపర్, టార్క్ రెంచ్, 19 మి.మీ. సాకెట్, జాకీ, స్టాండ్లు, వైర్ బ్రష్, టార్చి, కాస్త కాటుక. కాటుక ఎందుకో ఆ మాట వచ్చినప్పుడు చెప్తాను.

మొదటి అడుగు: మీ కారు ఏ ఏడాదిదో తేల్చుకోండి

ఎస్2000 తయారైంది 1999 నుంచి 2009 దాకా. ఇండియాలో హోండా దీన్ని అమ్మలేదు, కాబట్టి మనవాళ్ల చేతికి వచ్చేది అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా లాంటి చోట్లే. అందరూ 16 అంగుళాలవి ఏపీ1 చక్రాలు, 17 అంగుళాలవి ఏపీ2 చక్రాలు అని ఛాసిస్ కోడ్‌తో (కంపెనీ కారు రకానికి పెట్టిన గుర్తుతో) పిలుస్తారు. అమెరికాలో ఆ పిలుపు సరిపోతుంది, ఎందుకంటే అక్కడ 2004 మోడల్‌తో 2.2 లీటర్ల ఇంజను, ఏపీ2 కోడ్, 17 అంగుళాల చక్రాలు మూడూ కలిసే వచ్చాయి. యూరప్‌లో అలా కాదు. అక్కడ చివరిదాకా 2.0 లీటర్ల ఇంజనే, కోడ్ ఏపీ1గానే ఉండిపోయింది, చక్రాలు మాత్రం 17కి మారాయి. జపాన్‌లో కూడా కొన్నాళ్లు అంతే. అందుకే "ఏపీ1 చక్రాలు" అని ఎవరైనా అమ్ముతుంటే ఆ మాటని నమ్మకుండా చక్రం వెనక ఏముందో ఫొటో అడగండి.

రెండో అడుగు: చక్రం వెనకున్న అంకెలు చదవండి

చక్రాన్ని విప్పి పాత దుప్పటి మీద బోర్లా పెట్టండి. స్పోకుల వెనకో, హబ్‌కి (కారుకి చక్రం బిగించే గుండ్రటి భాగానికి) ఆనే ముఖం పక్కనో అంకెలు పోతపోసి ఉంటాయి. బ్రేక్ దుమ్ము పేరుకుని కనిపించకపోతే తడిగుడ్డతో తుడిచి టార్చిని పక్కనుంచి ఏటవాలుగా వేయండి, నీడ పడి అక్షరాలు తేలతాయి. వ్యాసం, వెడల్పు, వాటి పక్కన జె అనో జెజె అనో అక్షరాలు, విడిగా ఆఫ్‌సెట్ అంకె (అదేమిటో మూడో అడుగులో చెప్తాను) ఉంటాయి. ఆ జె అన్నది రిమ్ము అంచు ఆకారాన్ని చెప్పే గుర్తు, వెడల్పుకి దానితో సంబంధం లేదు.

వెడల్పు అంటే టైరు అంచులు ఆనే రెండు చోట్ల మధ్య దూరం. రిమ్ము బయటి పెదవి నుంచి బయటి పెదవికి టేపు పెడితే ఇంచుమించు ఒక అంగుళం ఎక్కువ వస్తుంది. 7 అంగుళాల చక్రాన్ని ఇలా కొలిచి 8 అని ప్రకటనలో పెట్టినవాళ్లని నేను చూశాను, మోసం చేద్దామని కాదు, తెలియక.

ఫ్యాక్టరీ లెక్కలు ఇవి.

2003 దాకా, 16 అంగుళాలు:
ముందు: వెడల్పు 6.5 అంగుళాలు, ఆఫ్‌సెట్ 55, టైరు 205/55 ఆర్16
వెనక: వెడల్పు 7.5 అంగుళాలు, ఆఫ్‌సెట్ 65, టైరు 225/50 ఆర్16

2004 నుంచి, 17 అంగుళాలు:
ముందు: వెడల్పు 7 అంగుళాలు, ఆఫ్‌సెట్ 55, టైరు 215/45 ఆర్17
వెనక: వెడల్పు 8.5 అంగుళాలు, ఆఫ్‌సెట్ 65, టైరు 245/40 ఆర్17

ముందు, వెనక చక్రాలు దూరం నుంచి ఒకేలా కనిపిస్తాయి. నాలుగు చక్రాల సెట్టు కొనేటప్పుడు రెండు ముందువి, రెండు వెనకవి ఉన్నాయో లేదో అంకెలు చూసి లెక్కపెట్టుకోండి.

మూడో అడుగు: వెడల్పుని బయటి దూరం, లోపలి దూరంగా మార్చండి

అసలు పోలిక ఇక్కడ జరుగుతుంది. 8.5 పెద్దదా 7.5 పెద్దదా అన్నది ఎవరైనా చెప్తారు, పెరిగిన ఆ ఒక్క అంగుళం ఏ వైపుకి వెళ్లింది అన్నదే మనకి కావాలి. బయటికి వెళ్తే ఫెండర్‌కి (చక్రం పైనుండే బాడీ రేకుకి) రాసుకుంటుంది, లోపలికి వెళ్తే సస్పెన్షన్‌కి తగులుతుంది.

చక్రం వెడల్పుని సరిగ్గా సగానికి కోసే గీత ఒకటి ఊహించుకోండి. హబ్‌కి ఆనే ముఖం ఆ గీత నుంచి వీధి వైపుకి ఎన్ని మిల్లీమీటర్లు జరిగి ఉందో అదే ఆఫ్‌సెట్. లెక్క తేలిక: వెడల్పుని 25.4తో గుణించి సగం చేయండి. ఆ సగంలోంచి ఆఫ్‌సెట్ తీసేస్తే బయటి దూరం, ఆ సగానికి ఆఫ్‌సెట్ కలిపితే లోపలి దూరం.

16 అంగుళాల వెనక చక్రం చూద్దాం. 7.5 అంగుళాలంటే 190.5 మి.మీ., సగం 95.25. బయటికి 30.25, లోపలికి 160.25. ఇప్పుడు 17 అంగుళాల వెనక చక్రం. 8.5 అంటే 215.9, సగం 107.95, బయటికి 42.95, లోపలికి 172.95. రెండు వైపులా సరిగ్గా 12.7 మి.మీ. చొప్పున పెరిగింది. ముందు చక్రానికి అయితే బయటికి 27.55 ఉన్నది 33.9 అయింది, లోపలికి 137.55 ఉన్నది 143.9 అయింది, అంటే అటూ ఇటూ 6.35. హోండా ఆఫ్‌సెట్ మార్చకుండా వెడల్పు మాత్రమే పెంచింది కాబట్టే పెరుగుదల సమానంగా పంచుకుంది. పాత కారుకి 2004 తర్వాతి చక్రాలు ఏ కోతా లేకుండా ఎక్కడానికి ఇదే కారణం, చాలామంది చేసే మొదటి మార్పు కూడా ఇదే.

ఇప్పుడు ఇదే లెక్క బయట దొరికే చక్రానికి వేసి చూడండి. ఎస్2000 వాళ్లు నాలుగు వైపులా 17×9 (17 అంగుళాల వ్యాసం, 9 అంగుళాల వెడల్పు), ఆఫ్‌సెట్ 63 వేయడం చాలా మామూలు. 9 అంగుళాలంటే 228.6, సగం 114.3, బయటికి 51.3, లోపలికి 177.3. 17 అంగుళాల ఫ్యాక్టరీ వెనక చక్రంతో పోలిస్తే బయటికి 8.35, లోపలికి 4.35 ఎక్కువ, వెనక పెద్ద ఇబ్బంది లేదు. అదే చక్రం ముందు పెడితే? 2002 కారులో 27.55 ఉన్న చోట 51.3 వస్తుంది, దాదాపు 24 మి.మీ. బయటికి. ఫెండర్ లోపలి అంచు మడవాల్సిందే, క్యాంబర్ (చక్రం లోపలికో బయటికో వాలే కోణం) మార్చాల్సిందే. అమ్మేవాళ్లు "ఎస్2000కి సరిపోతుంది" అని ఒక్క ముక్కలో చెప్పేస్తారు, ఈ 24 మి.మీ. సంగతి ఎత్తరు.

స్కేలుతో సరిచూసుకోవాలంటే టైరు లేని చక్రాన్ని బోర్లా పెట్టి రిమ్ము మీద అడ్డంగా ఒక తిన్నని బద్ద వేసి, దాని కింది అంచు నుంచి హబ్ ముఖం దాకా లోతు కొలవండి. మన లోపలి దూరం కంటే ఇది సుమారు 12 మి.మీ. ఎక్కువ వస్తుంది, రిమ్ము పెదవి మందం అది. కంగారు పడక్కర్లేదు.

నాలుగో అడుగు: ముందు వెనకల తేడాని ఊరికే చెరపకండి

టైరు ఎత్తు కూడా లెక్కేయండి. 205/55 ఆర్16 అంటే టైరు వెడల్పు 205 మి.మీ., పక్క గోడ ఎత్తు అందులో 55 శాతం, రిమ్ము 16 అంగుళాలు. 205/55 ఆర్16 మొత్తం వ్యాసం 631.9 మి.మీ., 225/50 ఆర్16ది 631.4. అర మిల్లీమీటరు తేడా అంతే. 17 సెట్టులో ముందు 625.3, వెనక 627.8. రెండు సెట్లలోనూ ముందు వెనకలు దగ్గరగా ఉంచారు, చక్రాల వేగాన్ని పోల్చి చూసే ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉన్న కారులో ఇది పట్టించుకోవాల్సిన విషయం. పాత ముందు చక్రాలు, కొత్త వెనక చక్రాలు కలిపి వేయాలనుకుంటే 631.9కీ 627.8కీ నాలుగు మిల్లీమీటర్లు, అదీ తలకిందులుగా, ముందుది పెద్దది అవుతుంది. నేనైతే వేయను.

ఇంకో సంగతి, నాకు ఈ కారులో అన్నిటికన్నా నచ్చినది. ముందు వెనక టైర్ల వెడల్పు తేడా మొదటి కారులో 20 మి.మీ., 2004లో 30 మి.మీ., 2008లో అమెరికాలో వచ్చిన సీఆర్ మోడల్‌లో వెనక 255/40 ఆర్17 వేసి 40 మి.మీ. చేశారు. తొలి కార్లు తడి రోడ్డు మీద వెనక చటుక్కున జారతాయని పేరు పడ్డాయి. 2004లో హోండా సస్పెన్షన్ జ్యామితి కూడా మార్చింది, వెనక చక్రం కుదుపులో పక్కకి తిరగడాన్ని తగ్గించింది. కానీ ప్రతిసారీ వెనక టైరుని ముందుదానికన్నా ఎక్కువ పెంచుతూ పోవడం చూస్తే, కారు వెనక భాగాన్ని నిలకడగా ఉంచడానికే అలా చేశారని నేను అనుకుంటున్నాను. నాలుగు టైర్లూ ఒకే సైజు వేసుకునేవాళ్లని తప్పుపట్టను, ట్రాక్ మీద దానికి లాభాలు ఉన్నాయి. అలైన్‌మెంట్, యాంటీరోల్ బార్లు (మలుపులో కారు పక్కకి ఒరగకుండా ఆపే కడ్డీలు) సరిచేసుకోకుండా చూడ్డానికి బాగుందని వేసేసి వానలో బయల్దేరొద్దు, అంతే చెప్పేది.

ఐదో అడుగు: బోల్టుల వలయం, మధ్య రంధ్రం

ఎస్2000 హబ్ మీద ఐదు స్టడ్లు (నట్లు ఎక్కే మర కడ్డీలు) 114.3 మి.మీ. వ్యాసమున్న వలయం మీద ఉంటాయి. ఐదు రంధ్రాల చక్రంలో ఎదురెదురు రంధ్రాలు ఉండవు కాబట్టి పక్కపక్క రంధ్రాల మధ్య దూరం కొలిచి 1.701తో గుణించండి. 67.2 వస్తే 114.3 అన్నమాట. 65.8 వస్తే అది 112, జర్మన్ కార్ల చక్రం. తేడా 1.4 మి.మీ. మాత్రమే, కంటికి అందదు, క్యాలిపరే వాడాలి. నాలుగు రంధ్రాల మియాటాకి ఎదురెదురు మధ్యల దూరం నేరుగా కొలిస్తే 100 వస్తుంది.

మధ్య రంధ్రం హోండా ఐదు స్టడ్ల కార్లలో చాలావాటికి 64.1 మి.మీ. ముందు వెనకలు విడివిడిగా కొలవండి. ఎందుకంటే హోండా సొంత స్పోర్ట్స్ కారు ఎన్ఎస్ఎక్స్‌లోనే ముందు 64.1, వెనక 70.1. బయటి చక్రం రంధ్రం పెద్దదైతే ఆ సందు నింపే రింగు వేసుకోవాలి.

ఆరో అడుగు: మర

ఎస్2000 స్టడ్ 12 మి.మీ. లావు, మర (అంటే ఒక మరకీ పక్క మరకీ మధ్య దూరం) 1.5 మి.మీ. నిస్సాన్, సుబారు కార్లలో లావు అదే, మర 1.25. పది మరలు లెక్కపెట్టి స్కేలుతో కొలవండి, 15 మి.మీ. వస్తే 1.5, 12.5 వస్తే 1.25. ముస్టాంగ్‌కి 2015 మోడల్ నుంచి 14 మి.మీ. లావు, 1.5 మర. నట్టు రెండు చుట్లు తిరిగి పట్టేస్తే పానాతో తోయకండి, అక్కడితో ఆగి మర కొలవండి.

ఏడో అడుగు: నట్టు ఆనిక

దీనికి కాస్త ఓపిక పట్టండి, నన్ను దెబ్బతీసింది ఇదే.

చక్రం బరువుని స్టడ్లు మోస్తాయని చాలామంది అనుకుంటారు. నిజానికి నట్లు చక్రాన్ని హబ్ ముఖానికి అదిమి పడతాయి, ఆ రెండు ముఖాల మధ్య రాపిడే బ్రేకు దెబ్బనీ మలుపు దెబ్బనీ ఆపుతుంది. ఎస్2000 నట్టు బిగింపు 108 న్యూటన్ మీటర్లు, అంటే 80 పౌండ్ అడుగులు. పొడి మర మీద ఆ బిగింపుకి ఒక్కో నట్టు రమారమి నాలుగు టన్నుల పైచిలుకు బలంతో అదుముతుంది. ఆ బలమంతా నట్టు అడుగు, చక్రం రంధ్రం కలిసే చోటు మీదే పడుతుంది. అక్కడ పూర్తిగా ఆనితే ఏమీ కాదు. సన్నటి గీత మీదే ఆనితే అల్యూమినియం మెత్తన కాబట్టి నలుగుతుంది, నలిగినంత మేరా బిగింపు జారిపోతుంది, చక్రం హబ్ మీద పిసరు కదలడం మొదలెడితే స్టడ్ అటూ ఇటూ వంగి వంగి ఒకరోజు విరుగుతుంది.

ఆనికలు మూడు రకాలు గుర్తుపెట్టుకుంటే చాలు.

గరాటు రకం. నట్టు అడుగు 60 డిగ్రీల ఏటవాలు, వంపు లేని గోడ. మియాటాకి ఫ్యాక్టరీ నుంచే ఇది, బయట దొరికే చక్రాలకీ ఎక్కువగా ఇదే.

మూకుడు రకం. నట్టు అడుగు బంతి ముక్కలా ఉబ్బుగా, రంధ్రం దానికి సరిపడా గుంటగా ఉంటుంది. హోండా ఫ్యాక్టరీ చక్రాలు ఇవే, వంపు వ్యాసార్థం 12 మి.మీ. పోర్షా, ఫోక్స్‌వాగన్ కూడా మూకుడే, కానీ వంపు వేరు, ఫోక్స్‌వాగన్‌కి 13, పోర్షాకి 14. గుండ్రంగా ఉంది కదా అని ఒకదాని బదులు ఇంకొకటి వాడకూడదు.

పళ్లెం రకం. అడుగున చదునైన వాషరు, కింద రంధ్రంలోకి దిగే గొట్టం లాంటి మెడ. టయోటా, లెక్సస్ అల్లాయ్ చక్రాల్లో చాలావాటికి ఇది. మిగతా రెండిటితో పొరబడే పనే లేదు.

ఇబ్బందంతా గరాటుకీ మూకుడుకీ మధ్యే. నట్టుని వెలుతురుకి పక్కగా పట్టుకుని అడుగు అంచుకి ఉక్కు స్కేలు ఆనించండి. పొడుగునా ఆనితే గరాటు, మధ్యలో ఆని పైనా కిందా వెలుతురు కనిపిస్తే మూకుడు. రంధ్రానికి స్కేలు పట్టదు, అక్కడ వేలి కొసతో తడమండి, టార్చి వేసి చూడండి, గుంటలో వెలుగు వంగి కనిపిస్తుంది.

అయినా అనుమానం తీరకపోతే కాటుక. నట్టు అడుగు మీద చుట్టూ పల్చగా పూయండి, మర మీద పడనివ్వకండి. చక్రం ఎత్తి పెట్టి నట్టుని పానాతో కొద్దిగా మాత్రమే బిగించి, మళ్లీ విప్పి రంధ్రంలోకి చూడండి. సరైన జత అయితే కాటుక వెడల్పాటి పట్టీలా చుట్టూ అంటుతుంది. తప్పు జత అయితే సన్నటి నల్ల గీత ఒక్కటే. నా పాత నట్లతో వచ్చింది ఆ గీతే, హోండా నట్లు తెప్పించి చూస్తే పట్టీ వచ్చింది. చూసిన తర్వాత కాటుక అంతా గుడ్డతో శుభ్రంగా తుడిచేయండి, జిడ్డు మిగిలితే బిగింపు లెక్క తప్పుతుంది.

లాక్ నట్లు ఉంటే వాటినీ ఇలాగే చూడండి. పదహారు సరైనవి, నాలుగు లాక్‌లు వేరే రకం అన్న కార్లు ఉన్నాయి, చూసేవాళ్లు ఒక మామూలు నట్టు చూసి వదిలేస్తారు. పాత చక్రం రంధ్రాల్లో అప్పటికే గాడి పడి ఉంటే, గోరు పెడితే తగిలేంత మెట్టు ఉంటే, ఆ చక్రం వద్దు. నాది ఒకటి అలా పోయింది, అలాంటిదే ఇంకొకటి వెతికి కొన్నాను. ఆ మూడు నట్లు ఉన్న స్టడ్లు కూడా మార్పించాను.

ఎనిమిదో అడుగు: బిగించడం

స్పేసర్ (హబ్‌కీ చక్రానికీ మధ్య పెట్టే బిళ్ల) వేసినా, మందపాటి హబ్ ఉన్న చక్రం పెట్టినా నట్టు ఎన్ని చుట్లు ఎక్కుతుందో లెక్కపెట్టండి. స్టడ్ లావు ఎంతో కనీసం అంత పొడవు మర పట్టాలి, 12 మి.మీ.కి 1.5 మర అంటే 8 పూర్తి చుట్లు. ఆరు చుట్లకే బిగుసుకుంటే పొడవు స్టడ్లు వేయించేదాకా కారు తీయొద్దు.

హబ్ ముఖం మీద తుప్పు, చక్రం వెనక పేరుకున్న మట్టి వైర్ బ్రష్‌తో తీసేయండి. మరకి నూనె పూయకండి, అదే బిగింపుకి స్టడ్ మీద లాగే బలం పెరిగిపోతుంది. ఐదు నట్లూ వేళ్లతో ఎక్కించి, కారు స్టాండ్ల మీద ఉండగానే నక్షత్రం గీసే వరసలో కొంచెం కొంచెంగా బిగించి, నేలకి దించాక 108 దగ్గర టార్క్ రెంచ్‌తో ముగించండి. గాలి తుపాకీతో చివరిదాకా బిగించే షాపు అయితే, మొహమాటపడకుండా చేత్తో బిగించమని అడగండి. 80 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక చక్రాలు చల్లబడ్డప్పుడు ఇంకోసారి రెంచ్ పెట్టండి. ఒక నట్టు కాస్త తిరిగితే మళ్లీ వంద కిలోమీటర్లకి చూడండి, రెండోసారీ తిరిగితే విప్పి ఆనిక చూడండి.

బయటి చక్రాలకి గరాటు నట్లు వేసుకున్నవాళ్లు డిక్కీలో ఐదు హోండా మూకుడు నట్లు ఒక చిన్న సంచిలో వేసి ఉంచుకోండి. డిక్కీలోని స్టెప్నీ ఫ్యాక్టరీది, రాత్రిపూట హైవే పక్కన టైరు పంక్చరై దాన్ని బిగించాల్సి వస్తే ఆ ఐదే కావాలి. సంచి మీద "స్టెప్నీ నట్లు" అని మార్కర్‌తో రాయండి, ఆ పూట కారు మీ చేతిలోనే ఉంటుందన్న నమ్మకం లేదు.